మెడనొప్పికి మందుచీటీలో ఉండాల్సిన వ్యాయామం

మెడనొప్పితో మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక పెద్ద కవరు ఉంటుంది. అందులో రెండేళ్ల కిందటి ఎక్స్‌రే, మొన్న తీయించిన ఎమ్మారై, మధ్యలో వాడి మానేసిన మందుల చీటీలు ఉంటాయి. కూర్చోగానే వాళ్లు నొప్పి గురించి చెప్పరు. ‘‘మెడ ఎముకలు అరిగిపోయాయట డాక్టర్‌గారూ’’ అంటారు. లేదంటే ‘‘డిస్కుల మధ్య గ్యాప్ వచ్చిందట’’ అంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి మెడ తిప్పడం తగ్గించేసి ఉంటారు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తారు. బకెట్ ఎత్తరు, బియ్యం సంచి జరపరు, స్కూటీ మూలన పెట్టేస్తారు. ఇంట్లోవాళ్లు కూడా ‘నువ్వు కదలకు’ అంటారు. ఇన్ని చేసినా నొప్పి మాత్రం పోదు.

ఈ వారం మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. మూడు నెలలు దాటిన మామూలు మెడనొప్పికి మన దగ్గరున్న చికిత్సల్లో ముందు వరసలో ఉండాల్సింది వ్యాయామం. మందులన్నీ రాశాక చివర్లో ‘కాస్త ఎక్సర్‌సైజులు కూడా చేస్తుండండి’ అంటారు చూడండి, అలాంటిది కాదు. ఏ వ్యాయామం, ఎంత బరువుతో, ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అని మందులాగే మోతాదుతో రాసివ్వాల్సిన వ్యాయామం.

‘మామూలు’ అన్నానంటే దానికి అర్థం ఉంది. నరం నొక్కుకుపోయి చేయి బలహీనపడటం, వెన్నుపాము మీద ఒత్తిడి, క్షయ, గడ్డలు, దెబ్బలు, కీళ్లవాతం లాంటి కారణాలేవీ లేని మెడనొప్పి అని. మెడనొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందిది ఈ కోవే. అది తేల్చాల్సింది డాక్టరు, చేత్తో పరీక్షించి. పొద్దున లేవగానే మెడ పట్టేయడం వేరే సంగతి. అది సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతటదే వదులుతుంది.

ముందు ఆ ‘అరిగిపోవడం’ సంగతి చూద్దాం. 2015లో జపాన్ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మెడ బాధలేవీ లేని 1,211 మందికి ఎమ్మారై తీశారు. ఇరవైల్లో ఉన్నవారి నుంచి డెబ్బై దాటినవారి దాకా అందులో ఉన్నారు. నూటికి 87 మందికి పైగా డిస్కు కాస్తో కూస్తో ఉబ్బి కనిపించింది. ఇరవైల్లో ఉన్నవారిలోనే నూటికి 70 మందికి మించి అలా ఉంది. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నొప్పి లేదు. అంటే మీ రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉంటే, మీ ఎదురింట్లో హాయిగా తిరుగుతున్న మనిషికి తీసినా దాదాపు అదే వచ్చే అవకాశం ఉంది. రిపోర్టు అబద్ధం కాదు. కానీ మీ నొప్పికి కారణం అదేనని రిపోర్టు చెప్పడం లేదు. ఎక్స్‌రేలో కనిపించే స్పాండిలోసిస్ కూడా చాలావరకు జుట్టు నెరవడం లాంటిదే. నలభై అయిదేళ్ల మనిషి మెడ నలభై అయిదేళ్ల మెడలాగే కనిపిస్తుంది.

పెద్ద చిక్కంతా ఆ మాటతోనే. మన ఇళ్లల్లో అరిగిపోయేవి చెప్పులు, టైర్లు, గ్రైండరు రాయి. అరిగిన వస్తువును వాడేకొద్దీ ఇంకా అరుగుతుంది కాబట్టి జాగ్రత్తగా పక్కన పెడతాం. మెడ గురించి కూడా అలాగే అనుకుంటాం. శరీరం లెక్క వేరు. వాడేకొద్దీ కండరం బలపడుతుంది, బరువు మోసేకొద్దీ ఎముక గట్టిపడుతుంది. పక్కన పెట్టేస్తేనే రెండూ తగ్గిపోతాయి. డాక్టర్ల గదిలో అలవాటుగా దొర్లే ఒక్క మాట ఒక మనిషిని ఏళ్ల తరబడి కదలకుండా చేయగలదు. నా దృష్టిలో ఈ జబ్బులో జరిగే నష్టంలో పెద్ద వాటా దీనిదే. ఎమ్మారైకి పోసిన డబ్బు దాని తర్వాతే.

నొప్పి ఉన్న మెడలో నిజంగా మారేదేమిటో చూడండి. మన తల బరువు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు ఉంటుంది. దాన్ని ఏడు పూసల మీద నిలబెట్టేది కండరాలు. వాటిలో గొంతు వెనక, పూసలకు అంటిపెట్టుకుని ఉండే సన్నటి కండరాలు కొన్ని ఉన్నాయి. తలను స్థిరంగా పట్టి ఉంచడం వాటి పని. నొప్పి మొదలయ్యాక చాలామందిలో ఇవి మందగిస్తాయి. అప్పుడు వాటి పనిని పైనున్న పెద్ద కండరాలు, భుజాల మీద ఉండేవి, మెడ పక్కన తాళ్లలా కనిపించేవి మోస్తాయి. రోజంతా బిగుసుకునే ఉంటాయి. సాయంత్రానికి భుజం పైన నొక్కితే ప్రాణం పోయినట్టు ఉండేది అందుకే. మందు వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. కానీ మందగించిన కండరం మందుతో మేలుకోదు. దాన్ని పని చేయించి మేల్కొల్పాలి.

ఏ పని చేయించాలన్నది మన ఊహకు వదిలేయనక్కర్లేదు. 2003లో ఫిన్లాండ్‌లో ఆఫీసు ఉద్యోగాలు చేసే 180 మంది మహిళలను తీసుకుని ఏడాదిపాటు ఒక పరీక్ష చేశారు. అందరికీ దీర్ఘకాలంగా మెడనొప్పి ఉంది. మూడు జట్లు చేశారు. ఒక జట్టుతో రబ్బరు బ్యాండు కట్టి మెడకు బలం పెంచే వ్యాయామాలు చేయించారు. రెండో జట్టుతో పడుకుని తల ఎత్తి దించే తేలిక వ్యాయామాలు చేయించారు. ఈ రెండు జట్లూ డంబెల్స్‌తో భుజాలకు కూడా వ్యాయామం చేశాయి. మూడో జట్టుకు స్ట్రెచింగ్, నడక లాంటివి చేయమని సలహా మాత్రం ఇచ్చారు. ఏడాది చివర నొప్పి బాగా తగ్గింది లేదా పూర్తిగా పోయింది అన్నవారు మొదటి జట్టులో నూటికి 73, రెండోదానిలో 59, మూడోదానిలో 21. ఆ చివరి అంకె చూడండి. ‘కాస్త ఎక్సర్‌సైజులు చేస్తుండండి’ అన్న సలహాకు దక్కే ఫలితం అంతే.

డెన్మార్క్‌లో 2011లో వచ్చిన మరో అధ్యయనం నాకు ఇంకా నచ్చుతుంది, మన ఇళ్లకు సరిపోతుంది కాబట్టి. మెడ, భుజాల నొప్పి తరచూ వచ్చే 198 మంది ఆఫీసు ఉద్యోగులు అందులో ఉన్నారు. రబ్బరు ట్యూబు కాలి కింద తొక్కి పట్టి, చేతులను పక్కలకు భుజం ఎత్తుకు లేపడం ఒక్కటే వ్యాయామం. వారానికి అయిదు రోజులు, పది వారాలు. కొందరు రోజుకు 12 నిమిషాలు చేశారు. కొందరు 2 నిమిషాలే చేశారు. రెండు జట్లలోనూ నొప్పి తగ్గింది, రెండింటి మధ్య పెద్ద తేడా లేదు. అలాగని నొప్పి మాయమైపోలేదు. పదికి కొలిచే స్కేలు మీద, ఏమీ చేయనివారితో పోలిస్తే ఒకటిన్నర, రెండు పాయింట్ల మేర తగ్గింది. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలేది కూడా ఇదే. ఫలితం మోస్తరుగా ఉంటుంది, చేసేవారికి ఉంటుంది, మానేస్తే తగ్గుతుంది. రోజూ రెండు పూటలా నొప్పి బిళ్ల మింగితే జీర్ణాశయంలో పుండు, మూత్రపిండాల మీద భారం, బీపీ పెరగడం లాంటివి ఉంటాయి. ఈ మోస్తరు ఫలితానికి అలాంటి ఖరీదు లేదు.

ఇక్కడ మీకో ప్రశ్న. ‘ఫిజియోథెరపీ చేయించారా?’ అంటే చాలామంది ‘చేయించామండీ, పది రోజులు కరెంటు పెట్టారు’ అంటారు. కరెంటు, వేడి, మెడ లాగే ట్రాక్షన్... వీటన్నింటిలో మీరు పడుకుని ఉంటారు, పని యంత్రం చేస్తుంది. కాసేపు హాయిగా ఉంటుంది, తప్పు లేదు. కానీ అది వ్యాయామ చికిత్స కాదు. ఫిజియోథెరపిస్టులు నాలుగేళ్లకు పైగా చదివి వచ్చేది ముఖ్యంగా శరీరాన్ని కదిలించడం నేర్పడానికే. వాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు ‘నాకు ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పండి, నేను చేసి చూపిస్తాను, తప్పులు దిద్దండి, మూడు వారాలకోసారి వచ్చి బరువు పెంచుకుంటాను’ అని మీరే అడగండి. పది రోజులు వరసగా వెళ్లి కరెంటు పెట్టించుకునే బదులు మూడు నెలల్లో నాలుగుసార్లు వెళ్లి నేర్చుకోవడం మేలు. ఖర్చు కూడా తక్కువే.

నిజానికి ఇది మీరు అడగాల్సిన అవసరం రాకూడదు. నొప్పి బిళ్లకు ‘రోజుకు రెండు, తిన్న తర్వాత, అయిదు రోజులు’ అని రాసే మా చీటీల్లో వ్యాయామానికి ఒక్క ముక్క ఉంటుంది. మెడ బొమ్మలున్న ఒక జిరాక్స్ కాగితం చేతికిస్తారు. అది ఇంటికెళ్లాక ఫ్రిజ్ మీదకు చేరుతుంది, లేదా పైన చెప్పిన కవరులోకి. ఓపీ రద్దీలో ఒక్కో మనిషికి దొరికే కొద్ది నిమిషాల్లో వ్యాయామం నేర్పడం కుదరదన్నది నిజమే. అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందుల కిటికీ ఎంత తప్పనిసరో, ఫిజియోథెరపిస్టు గది కూడా అంతే తప్పనిసరి కావాలని నా వాదన. డాక్టరు చీటీలో మోతాదు రాయాలి, పక్క గదిలో దాన్ని చేయించి చూపించాలి.

అంతవరకు, పరీక్ష చేయించుకుని మీది మామూలు మెడనొప్పేనని తేలినవారు మొదలుపెట్టగలిగిన మూడు వ్యాయామాలు చెబుతాను.

మొదటిది మందగించిన లోపలి కండరాల కోసం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తల కింద మడత పెట్టిన టవల్ చాలు. ఎవరో చెప్పేదానికి నెమ్మదిగా ‘ఊఁ’ కొడుతున్నట్టు గడ్డాన్ని గొంతు వైపు కొద్దిగా వంచండి. తల టవల్ మీద నుంచి లేవకూడదు. ఒక చేత్తో మెడ పక్కన తాకి చూసుకోండి. తాళ్లలాంటి కండరాలు గట్టిపడితే బలం ఎక్కువ పెట్టారని అర్థం, కాస్త తగ్గించండి. పది సెకన్లు పట్టి వదలాలి. పదిసార్లు. చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. ‘ఇదీ ఒక వ్యాయామమేనా?’ అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. మొదటి రెండు వారాలు రోజూ ఇదే ముఖ్యం.

రెండోది కూర్చుని చేసేది. అరచేతిని నుదుటికి ఆనించి, తలతో చేతిని నెట్టండి, చేత్తో తలను ఆపండి. తలా కదలకూడదు, చేయీ కదలకూడదు. అయిదు నుంచి పది సెకన్లు. అలాగే తల వెనక, కుడివైపు, ఎడమవైపు. ఒక్కో వైపు అయిదుసార్లు. మొదట సగం బలమే పెట్టండి, వారాలు గడిచేకొద్దీ పెంచండి. ఊపిరి బిగబట్టకండి. ముఖ్యంగా బీపీ ఉన్నవారు ఒకటి రెండు అని పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

మూడోదానికి డంబెల్స్ కొనక్కర్లేదు. లీటరు సీసా నిండా నీళ్లు పోస్తే కిలో. అర లీటరు సీసాలతో మొదలుపెట్టండి. రెండు చేతులతో పట్టుకుని పక్కలకు భుజం ఎత్తు వరకు లేపి నెమ్మదిగా దించండి. పదిసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పదిసార్లు. తర్వాత చేతులు కిందకు వేలాడదీసి, భుజాలను చెవుల వైపు ఎత్తి దించండి, అదీ పదేసి రెండుసార్లు. వ్యాయామానికి వాడే రబ్బరు బ్యాండు దొరికితే కిటికీ గ్రిల్‌కు కట్టి, మోచేతులు వెనక్కి వెళ్లేలా లాగండి. ఇది వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. చివరి రెండు మూడుసార్లు కష్టంగా అనిపించాలి. పదిహేనుసార్లు తేలిగ్గా చేసేస్తుంటే బరువు పెంచే సమయం వచ్చిందన్నమాట. ఆరు నెలలు అదే అర లీటరు సీసాతో ఉండిపోతే కండరానికి కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు.

చేస్తున్నప్పుడు నొప్పి రావచ్చు. చాలామంది ఇక్కడే భయపడి మానేస్తారు. నొప్పిని పదికి కొలుచుకోండి. మూడు నాలుగు దాటకుండా ఉండి, మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తే ఫర్వాలేదు, కొనసాగించండి. మర్నాటికి కూడా ఎక్కువగానే ఉంటే బరువు తగ్గించండి, మానకండి. మొదటి రెండు వారాల్లో మార్పేమీ తెలియకపోవచ్చు. కనీసం ఆరు వారాలు చేశాకే ‘పని చేస్తోందా లేదా’ అని అడగండి, పన్నెండు వారాలకు తీర్పు చెప్పండి.

యోగా చేయవచ్చా అని అడుగుతారు. చేయవచ్చు. జర్మనీలో మెడనొప్పి ఉన్నవారికి తొమ్మిది వారాలపాటు అయ్యంగార్ పద్ధతి నేర్పి చూసిన రెండు పరీక్షల్లో మంచి ఫలితమే వచ్చింది. అయితే శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం మాత్రం మెడనొప్పి ఉన్నప్పుడు వద్దు. తల బరువు మోయాల్సిన మెడ మీద ఒంటి బరువు వేయడమే అవుతుంది.

కాలర్ గురించి ఒక్క మాట. దెబ్బ తగిలినప్పుడో, ఆపరేషన్ తర్వాతో దాని అవసరం వేరు. దీర్ఘకాలపు మామూలు నొప్పికి నెలల తరబడి కట్టుకుంటే కండరాల పని అది చేస్తుంది, కండరాలు ఇంకా బలహీనపడతాయి. ప్రయాణాల్లో ధైర్యం కోసం కట్టుకుంటున్నవారు మెల్లగా మానేయడం మంచిది. దిండు విషయం ఇంకా తేలిక. ఏది పెట్టుకుంటే నిద్ర పడితే అదే మీ దిండు, వేలు పోసి కొనకండి. క్షౌరశాలలో మసాజ్ చివర మెడను పుటుక్కుమని విరిచే అలవాటు మాత్రం మానిపించండి. ఆ కుదుపుకు మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఫోన్ మీదకు తల వంచితే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందన్న బొమ్మ మీ వాట్సాప్‌కు కూడా వచ్చే ఉంటుంది. అది 2014లో అమెరికాలో ఒక సర్జన్ కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క, మనుషుల మీద కొలిచింది కాదు. వంగడం నేరం కాదు. వంగినవాళ్లు రెండు గంటలు అలాగే ఉండిపోవడం ఇబ్బంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా, కుట్టుమిషన్ ముందు కూర్చున్నా, పరీక్షల పేపర్లు దిద్దుతున్నా అరగంటకోసారి లేవండి. అంతకుమించి కూర్చునే భంగిమ గురించి అంత బెంగ అక్కర్లేదు.

ఇంకొకటి. తల తిరిగితే ‘స్పాండిలైటిస్’ అనేయడం మన దగ్గర ఊరూరా ఉంది. మంచం మీద పక్కకు తిరిగినప్పుడు గది గిర్రున కొన్ని సెకన్లు తిరిగితే అది ఎక్కువగా లోపలి చెవికి సంబంధించిన ఇబ్బంది. దానికి వైద్యం వేరు, మెడ వ్యాయామాలతో పోదు.

ఎవరు ఈ వ్యాయామాల జోలికి వెళ్లకుండా ముందు డాక్టరును చూడాలి? జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నవారు. క్షయ, క్యాన్సర్ గతంలో ఉన్నవారు. పడిపోవడం, యాక్సిడెంట్ తర్వాత నొప్పి మొదలైనవారు. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఉన్నవారికి మెడ పైభాగంలో పూసల పట్టు సడలి ఉండొచ్చు, కాబట్టి అడగకుండా మొదలుపెట్టకూడదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం కష్టమవుతుంటే, నడకలో తూలు వస్తుంటే, మూత్రం మీద పట్టు తప్పుతుంటే వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో వెంటనే చూడాలి. అక్కడ ఎమ్మారై ఆలస్యం చేయకూడదు. మెట్లెక్కితే మెడా, దవడా, ఎడమ చేయీ లాగి, ఆగితే తగ్గుతుంటే మీకు ముందు కావాల్సింది ఈసీజీ.

మెడనొప్పి మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. మన ఇళ్లల్లో ‘ఇన్ని పనులు చేస్తోంది కదా, దానికంటే వ్యాయామం ఏముంటుంది?’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. కూరలు తరగడం, గిన్నెలు తోమడం, పిల్లాణ్ని ఒకే చంకన ఎత్తుకోవడం ఇవన్నీ అవే కండరాలను గంటల తరబడి తక్కువ బలంతో బిగించి ఉంచే పనులు. వ్యాయామంలో కండరానికి కొద్దిసేపు ఎక్కువ బరువు పడుతుంది, తర్వాత విశ్రాంతి దొరుకుతుంది. రెండూ ఒకటి కాదు. భర్తలకు, ఎదిగిన పిల్లలకు చెప్పేది ఇదే. అమ్మను పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లి స్కానింగ్ చేయించడానికి ఒక రోజు సెలవు పెడతారు. అది మంచిదే. దానికి బదులుగానో, దాంతోపాటో, వారానికి మూడు సాయంత్రాలు ఇరవై నిమిషాలు ఆమెను ఎవరూ పిలవకుండా చూడండి. స్టవ్ మీద పాలు మీరు చూసుకోండి. వీలైతే మీరూ పక్కనే చేయండి. ఇంటి వ్యాయామాలు మధ్యలో ఆగిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం బద్ధకం కాదు, తీరిక దొరకకపోవడం.

పన్నెండు వారాలయ్యాక నొప్పి తగ్గినవారు సీసాలను అటకెక్కించకండి. వారానికి ఒకటి రెండు రోజులకు తగ్గించుకుని చేస్తూనే ఉండండి. దూరప్రయాణమో, పెళ్లి పనులో అయ్యాక ఒకోసారి నొప్పి మళ్లీ వస్తుంది. వస్తే బరువు సగానికి తగ్గించి మూడు నాలుగు రోజులు అలాగే చేసి, మళ్లీ పెంచుకుంటూ వెళ్లండి. పైన చెప్పిన ప్రమాద సూచనలేవీ లేకుండా, చేతిలో కొత్తగా తిమ్మిరి గానీ పట్టు తగ్గడం గానీ లేకుండా ఉంటే దానికి ఇంకో ఎమ్మారై అక్కర్లేదు.